ఒకే టామ్‌క్యాట్‌లో రెండు యాప్‌లు, రెండు పోర్టులు: 8081 కొట్టినా 8080 యాపే వస్తోంది

మారతహళ్ళి పీజీ (సోమవారం రాత్రి 11:20)

అందరికీ నమస్తే. మాది బెంగళూరులో చిన్న సర్వీసెస్ కంపెనీ, ఒక క్లయింటుకి రెండు వెబ్ యాప్‌లు చేసిచ్చాం. ఒకటి గోడౌన్ స్టాక్ చూసుకునేది, రెండోది ఉద్యోగుల హాజరు, సెలవులు చూసేది. రెండూ వార్ ఫైళ్ళే, అంటే జావా వెబ్ యాప్ మొత్తం కట్టిన ప్యాకేజీలు. వాళ్ళిచ్చింది ఒక్కటే లైనక్స్ మెషీన్, 16 జీబీ ర్యామ్, అందులో టామ్‌క్యాట్ 9 (జావా వెబ్ యాప్‌లు నడిపే సర్వర్), జావా 11. ఇన్నాళ్ళూ 8080 పోర్టు మీదే, స్లాష్ స్టాక్ అని ఒకటి, స్లాష్ హెచ్ఆర్ అని ఇంకోటి తెరిచి టెస్టింగ్ చేసుకున్నాం, ఏ గొడవా లేదు. ఇప్పుడేమో క్లయింటు వైపు మేనేజరు స్లాష్ తర్వాత పేర్లేమీ వద్దంటున్నాడు. గోడౌన్ వాళ్ళకి 8080, హెచ్ఆర్ వాళ్ళకి 8081, ఐపీ, నంబరు కొడితే నేరుగా యాప్ తెరుచుకోవాలట. డొమైన్ పేర్లు పెట్టుకుందాం సార్ అంటే, దానికి వాళ్ళ నెట్‌వర్క్ టీముకి టికెట్ వెయ్యాలి, రెండు వారాలు పడుతుంది అన్నాడు. డెమో శుక్రవారం.

నేను చేసింది ఇది. స్టాక్ వార్‌ని రూట్.వార్ అని పేరు మార్చి (ఆ పేరుంటే స్లాష్ పేరు లేకుండానే తెరుచుకుంటుంది) వెబ్‌యాప్స్‌లో పడేశా. టామ్‌క్యాట్ సెట్టింగుల ఫైలు సర్వర్.ఎక్స్ఎంఎల్‌లో 8080 కనెక్టర్ లైను కాపీ చేసి, కింద 8081 అని ఇంకో కనెక్టర్ పెట్టి రీస్టార్ట్ చేశా. లాగ్‌లో 8081 కూడా స్టార్ట్ అయినట్టే చూపిస్తోంది. కానీ బ్రౌజర్లో 8081 కొట్టినా స్టాక్ లాగిన్ పేజీయే వస్తోంది. హెచ్ఆర్ వార్‌ని కూడా రూట్ అందామంటే ఒకే ఫోల్డర్లో రెండు రూట్‌లు ఎలా పెడతాం? ఫలానా పోర్టుకి ఫలానా యాప్ అని చెప్పే చోటు ఆ ఫైల్లో ఎక్కడుంది? మా సీనియర్ చెల్లెలి పెళ్ళికని ఊరెళ్ళాడు, ఫోన్ ఎత్తట్లేదు. టెన్షన్‌గా ఉంది.

సిల్క్ బోర్డ్ సిగ్నల్ (సోమవారం రాత్రి 11:34)

ఇంకా ఈ రోజుల్లో వార్ ఫైళ్ళేంటి బ్రో. స్ప్రింగ్ బూట్ అయితే ప్రాపర్టీస్ ఫైల్లో సర్వర్ పోర్టు ఒక్క లైను మారిస్తే పని అయిపోయేది.

మారతహళ్ళి పీజీ (సోమవారం రాత్రి 11:37)

బ్రో, స్టాక్ యాప్ స్ట్రట్స్ అనే పాత ఫ్రేమ్‌వర్క్‌లో ఉంది, నేను చేరకముందు నుంచీ ఉంది. శుక్రవారం లోపు దాన్ని బూట్‌కి మార్చేంత సీన్ లేదు నాకు.

వైట్‌ఫీల్డ్ ముసలోడు (మంగళవారం ఉదయం 6:50)

తమ్ముడూ, కనెక్టర్ అంటే గుమ్మం. ఇంటికి రెండో గుమ్మం కొట్టించావు, బానే ఉంది, కానీ ఏ గుమ్మంలోంచి వచ్చినా లోపల అదే హాలు, అదే మనుషులు. నీకు కావల్సింది రెండో గుమ్మం కాదు, రెండో వాటా.

సర్వర్.ఎక్స్ఎంఎల్‌ని ఒకసారి నింపాదిగా పైనుంచి కిందికి చదువు. అన్నిటికన్నా బయట సర్వర్ అనే ట్యాగు, దాని లోపల సర్వీస్, దానికి కాటలినా అని పేరు. ఆ సర్వీసులో ఎన్ని కనెక్టర్లైనా పెట్టుకోవచ్చు కానీ ఇంజిన్ మాత్రం ఒక్కటే ఉంటుంది. ఇంజిన్ లోపల హోస్ట్, ఆ హోస్ట్‌కి యాప్‌బేస్ అని ఒక ఫోల్డరు, అదే నీ వెబ్‌యాప్స్. అంటే ఒక సర్వీసులోని గుమ్మాలన్నీ ఒకే ఇంజిన్‌లోకి తెరుచుకుంటాయి. నువ్వు వెతుకుతున్న "ఈ పోర్టుకి ఈ యాప్" అనే లైను ఆ ఫైల్లో అసలు లేదు, ఉండదు. పోర్టు కనెక్టర్‌ది, యాప్ హోస్ట్‌ది, రెండిటినీ కలిపేది సర్వీసు.

కాబట్టి నువ్వు పెట్టిన 8081 కనెక్టర్‌ని అక్కణ్ణుంచి తీసెయ్. సర్వీస్ ట్యాగు మొదలు దగ్గర్నుంచి ముగింపు దాకా మొత్తం కాపీ చేసి, మొదటి సర్వీసు అయిపోయిన తర్వాత, సర్వర్ ట్యాగు ముగిసేలోపు అతికించు. ఇప్పుడు రెండో కాపీలో సర్వీసు పేరు కాటలినా2 చెయ్యి, ఇంజిన్ పేరు కూడా అలాగే మార్చు, ఇది చాలామంది మర్చిపోతారు. రెండు ఇంజిన్లకీ ఒకే పేరు ఉండకూడదు, ఎందుకంటే వర్క్ ఫోల్డరూ, కాన్ఫ్‌లో కాంటెక్స్ట్ ఫైళ్ళు (యాప్‌ల సెట్టింగులు) పెట్టే ఫోల్డరూ ఆ ఇంజిన్ పేరుతోనే ఉంటాయి. పోర్టు 8081. హోస్ట్ పేరు లోకల్‌హోస్ట్ అనే ఉండనీ, యాప్‌బేస్ మాత్రం వెబ్‌యాప్స్2 అని పెట్టి, ఆ ఫోల్డరు వెబ్‌యాప్స్ పక్కన తయారు చెయ్యి. పక్కన అంటున్నా, లోపల కాదు. లోపల పెడితే మొదటి హోస్ట్ దాన్ని కూడా ఒక యాపే అనుకుని ఎక్కించేస్తుంది. హెచ్ఆర్ వార్‌ని రూట్.వార్ అని పేరు మార్చి అందులో వెయ్యి. రూట్ అన్నది మొత్తం ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే ఉండాలి, లైనక్స్ కదా, చిన్నక్షరాల్లో రాస్తే అది స్లాష్ రూట్ అనే మామూలు యాప్ అయి కూర్చుంటుంది.

8005 షట్‌డౌన్ పోర్టు జోలికి పోకు, అది సర్వర్ ట్యాగుది, రెండు సర్వీసులకీ కలిపి ఒక్కటే. సర్వర్.ఎక్స్ఎంఎల్ మార్పులకి రీస్టార్ట్ తప్పనిసరి, వార్ ఫైల్లాగా దానంతటదే పట్టుకోదు.

ఇంకో మాట. సర్వీసు కాపీ చేసి యాప్‌బేస్ మార్చడం మర్చిపోయావనుకో, రెండు పోర్టుల్లోనూ యాప్‌లు తెరుచుకుంటాయి, అంతా బాగుందనిపిస్తుంది, కానీ ఒక్కో యాప్ రెండేసి సార్లు నడుస్తుంటుంది. నా పాత ఉద్యోగంలో ఇదే చేశాను. ఆ యాప్‌లో రాత్రి 2 గంటలకి పేస్లిప్పులు మెయిల్ చేసే జాబ్ ఉంది. పొద్దున్నే ఆఫీసుకెళ్ళేసరికి అందరికీ రెండేసి పేస్లిప్పులు. ఒకాయన నా సీటు దగ్గరికొచ్చి జీతం కూడా రెండుసార్లు పడుతుందా అని చాలా సీరియస్‌గా అడిగాడు.

మారతహళ్ళి పీజీ (మంగళవారం మధ్యాహ్నం 1:15)

అన్నా, వాటా మాటతో మొత్తం అర్థమైంది, థాంక్స్. మీరు చెప్పినట్టే చేశా. సర్వర్లోనే కూర్చుని కర్ల్ (కమాండ్‌తో పేజీ తెరిచే టూల్) కొడితే 8080 స్టాక్ ఇస్తోంది, 8081 హెచ్ఆర్ ఇస్తోంది. కానీ నా ల్యాప్‌టాప్ నుంచి 8080 తెరుచుకుంటోంది గానీ 8081 రావట్లేదు. కర్ల్‌తో చూస్తే "నో రూట్ టు హోస్ట్" అంటోంది. పింగ్ చేస్తే మెషీన్ చక్కగా పలుకుతోంది, అయినా మెషీన్‌కి దారి లేదంటుందేంటి?

ఆప్స్ నైట్‌షిఫ్ట్ (మంగళవారం మధ్యాహ్నం 1:40)

ఫైర్‌వాల్. ఆ మాట చూసి రౌటింగ్ వెంట పడకండి. పోర్టు మీద ఎవరూ వినకపోతే "కనెక్షన్ రిఫ్యూజ్డ్" వస్తుంది. ఫైర్‌వాల్ ప్యాకెట్‌ని చప్పుడు కాకుండా మింగేస్తే చాలాసేపు తిరిగి తిరిగి టైమౌట్ అవుతుంది. ఫైర్‌వాల్డీ (లైనక్స్‌లో ఫైర్‌వాల్ నడిపే ప్రోగ్రామ్) మామూలు సెట్టింగులో మింగదు, నీకు అనుమతి లేదని తిరిగి జవాబు పంపుతుంది, ఆ జవాబే మీ కర్ల్‌కి "నో రూట్ టు హోస్ట్" అని కనిపిస్తుంది. 8080ని ఎవరో ఎప్పుడో తెరిచి ఉంటారు.

ఫైర్‌వాల్-సీఎండీతో యాడ్ పోర్ట్ 8081 స్లాష్ టీసీపీ, దానికి పర్మనెంట్ కూడా జతచేసి కొట్టి, తర్వాత రీలోడ్. పర్మనెంట్ లేకుండా కొడితే ఇప్పుడు పనిచేసి, మెషీన్ రీబూట్ అయ్యాక, అంటే కచ్చితంగా డెమో పొద్దున, మాయమవుతుంది. పర్మనెంట్ పెట్టి రీలోడ్ మర్చిపోతే ఇప్పుడు పనిచెయ్యదు.

మారతహళ్ళి పీజీ (మంగళవారం మధ్యాహ్నం 1:52)

వచ్చేసింది! పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, ఇప్పుడెళ్ళి ఆంధ్రా మెస్సులో పప్పన్నం తిని వస్తా.

మారతహళ్ళి పీజీ (బుధవారం సాయంత్రం 6:05)

మళ్ళీ నేనే. ఇది చాలా విచిత్రంగా ఉంది, ఓపిగ్గా చదవండి.

ఒక ట్యాబ్‌లో 8080 తెరిచి స్టాక్‌లోకి లాగిన్ అయ్యా. పక్క ట్యాబ్‌లో 8081 తెరిచి హెచ్ఆర్‌లోకి లాగిన్ అయ్యా. వెనక్కొచ్చి స్టాక్‌లో 250 బస్తాల ఎంట్రీ మొత్తం టైపు చేసి సేవ్ నొక్కితే లాగిన్ పేజీ. ఎంట్రీ పోయింది. సరే అని మళ్ళీ లాగిన్ అయి హెచ్ఆర్ ట్యాబ్‌కి వెళ్తే అక్కడ లాగౌట్ అయిపోయి ఉంది. ఒకదాంట్లోకి వెళ్తే ఇంకోటి బయటికి తోసేస్తోంది. మా టెస్టరు చూసి, అత్తాకోడళ్ళలా ఉన్నాయి నీ యాప్‌లు అని నవ్వింది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. స్లాష్ పేర్లతో నడిపినన్నాళ్ళు ఇలా ఎప్పుడూ జరగలేదు.

సిల్క్ బోర్డ్ సిగ్నల్ (బుధవారం సాయంత్రం 6:20)

సెషన్ టైమౌట్ తక్కువ పెట్టి ఉంటారు, వెబ్.ఎక్స్ఎంఎల్‌లో పెంచండి.

మారతహళ్ళి పీజీ (బుధవారం సాయంత్రం 6:24)

30 నిమిషాలు ఉంది. ఇది పది సెకన్లలో జరుగుతోంది. ఇంకోటి, స్టాక్ క్రోమ్‌లో, హెచ్ఆర్ ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే రెండూ హాయిగా ఉంటున్నాయి.

వేళచ్చేరి వాన (బుధవారం రాత్రి 9:10)

చెన్నై నుంచి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ మాట చెప్పారు చూడండి, జవాబు అందులోనే ఉంది. తప్పు టామ్‌క్యాట్‌లో లేదు, కుకీలో ఉంది, అంటే సైటు మీ బ్రౌజర్లో దాచిపెట్టే చిన్న చీటీలో. కుకీకి పోర్టు నంబరు తెలీదు.

మనం 8080, 8081 వేర్వేరు సైట్లు అనుకుంటాం. జావాస్క్రిప్ట్ విషయంలో బ్రౌజరు కూడా వాటిని వేర్వేరు ఆరిజిన్లుగానే చూస్తుంది. కుకీల దగ్గరికొచ్చేసరికి మాత్రం అలా కాదు. కుకీల ప్రమాణం, 2011లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6265, పోర్టును బట్టి కుకీలు విడిపోవని సూటిగానే చెప్తుంది. కుకీకి కావల్సింది హోస్ట్ పేరు లేదా ఐపీ, ఆ తర్వాత పాత్, అంటే అడ్రస్‌లో స్లాష్ నుంచి ఉండే భాగం. మీ రెండు యాప్‌లకీ ఐపీ ఒకటే. రెండూ రూట్‌లో ఉన్నాయి కాబట్టి పాత్ కూడా ఒకటే, ఉత్త స్లాష్. పేరు కూడా ఒకటే, టామ్‌క్యాట్ మామూలుగా పెట్టే జేసెషన్ఐడీ. మూడూ కలిస్తే బ్రౌజరు దగ్గర ఉండేది ఒక్క కుకీయే, ఆఖర్న ఎవరు రాస్తే వాళ్ళది.

ఇప్పుడు మీ బస్తాల కథ చూడండి. స్టాక్ లాగిన్‌లో ఒక ఐడీ వచ్చింది. 8081 తెరవగానే బ్రౌజరు ఆ ఐడీనే హెచ్ఆర్‌కి పంపింది. ఇదెవరిదో నాకు తెలీదని హెచ్ఆర్ కొత్త సెషన్ ఇచ్చి, అదే పేరుతో కుకీ రాసింది. స్టాక్ ఐడీ చెరిగిపోయింది. తిరిగి స్టాక్‌లో సేవ్ నొక్కితే అక్కడికి వెళ్ళింది హెచ్ఆర్ ఐడీ. స్టాక్ సెషన్ సర్వర్లో ఇంకా బతికే ఉంటుంది, దాని తాళంచెవి మాత్రం మీ బ్రౌజరు దగ్గర లేదు. ఎర్రర్ ఎందుకు లేదంటే, సర్వర్ల లెక్కలో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. ఎఫ్12 నొక్కి అప్లికేషన్ ట్యాబ్‌లో కుకీలు తెరిచిపెట్టి ఒక్కో పోర్టుకి వెళ్ళి రండి, ఒకే వరుసలో విలువ మారిపోవడం కళ్ళారా కనిపిస్తుంది. స్లాష్ పేర్లు ఉన్నప్పుడు పాత్‌లు వేరు కనుక ఈ తంటా రాలేదు.

మందు చిన్నదే. ఒక యాప్‌కి కుకీ పేరు మార్చెయ్యండి. కాంటెక్స్ట్ ట్యాగులో సెషన్‌కుకీనేమ్ అని ఒక యాట్రిబ్యూట్ ఉంటుంది, దానికి హెచ్ఆర్ సెషన్ లాంటి పేరేదైనా, ఖాళీలు లేకుండా ఇవ్వండి. వార్ మళ్ళీ బిల్డ్ చేసే ఓపిక లేకపోతే, కాన్ఫ్ లోపల రెండో ఇంజిన్ పేరుతో ఫోల్డరు, దాని లోపల లోకల్‌హోస్ట్ ఫోల్డరు, అందులో కాంటెక్స్ట్.ఎక్స్ఎంఎల్.డిఫాల్ట్ అనే ఫైలు పెట్టి అందులో రాయండి, ఆ హోస్ట్‌లో ఉన్న యాప్‌లన్నిటికీ వర్తిస్తుంది. సర్వ్‌లెట్ (జావా వెబ్ యాప్‌ల ప్రమాణం) 3.0 నుంచి వెబ్.ఎక్స్ఎంఎల్‌లో సెషన్ కాన్ఫిగ్ కింద కూడా పేరు పెట్టుకోవచ్చు, కానీ రెండు చోట్లా రాస్తే కాంటెక్స్ట్‌లో రాసిందే చెల్లుతుంది. మార్చే ముందు కోడ్‌లో ఎవరైనా జేసెషన్ఐడీ అని పేరు నేరుగా రాసేశారేమో ఒకసారి గ్రెప్ కొట్టి వెతకండి. పాత యాప్‌లలో లాగౌట్ రాసేవాళ్ళకి ఆ అలవాటు బాగా ఉంటుంది.

మారతహళ్ళి పీజీ (బుధవారం రాత్రి 10:02)

గ్రెప్ కొట్టా, స్టాక్‌లో మూడు చోట్ల ఉంది! అందుకే స్టాక్ జోలికి పోకుండా హెచ్ఆర్‌కి పేరు మార్చా. రెండు ట్యాబులూ పక్కపక్కన పెట్టి అరగంట నుంచి అటూ ఇటూ తిరుగుతున్నా, ఒక్కసారి కూడా బయటికి తొయ్యలేదు. వేళచ్చేరి గారూ, ఇది నా అంతట నేను కనిపెట్టాలంటే ఈ జన్మకి అయ్యేది కాదు.

ఆప్స్ నైట్‌షిఫ్ట్ (గురువారం తెల్లవారుజామున 3:30)

పని అయిపోయిందంటున్నారు కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. వాటాలు రెండైనా కరెంటు మీటరు ఒకటే. రెండు సర్వీసులూ ఒకే జేవీఎంలో (జావాని నడిపే ప్రాసెస్) ఉన్నాయి, హీప్, అంటే అవి వాడుకునే మెమరీ, ఒకటే. హెచ్ఆర్‌లో ఎవరో ఏడాది హాజరు రిపోర్టు ఒకేసారి తీసి మెమరీ మొత్తం ఊడ్చేస్తే గోడౌన్‌లో లారీ దగ్గర నిలబడినవాడికి స్టాక్ ఆగిపోతుంది. రీస్టార్ట్ చేస్తే రెండూ పడతాయి, రెండూ లేస్తాయి. రాత్రి ఫోన్లు ఎత్తేది నేను కాబట్టి నాకు ఇది నచ్చదు.

టామ్‌క్యాట్ ప్రోగ్రామ్ ఒకటే ఉంచి రెండు ఇన్‌స్టెన్సులు, అంటే రెండు విడి ప్రాసెస్‌లుగా, నడపండి. కాటలినా హోమ్ అంటే ప్రోగ్రామ్ ఉన్న చోటు, కాటలినా బేస్ అంటే ఒక్కో ఇన్‌స్టెన్సు సొంత సంసారం. ఒక్కోదానికీ కాన్ఫ్, లాగ్స్, టెంప్, వెబ్‌యాప్స్, వర్క్ ఫోల్డర్లు విడిగా పెట్టి, బిన్‌లో సెట్ఎన్వ్.ఎస్‌హెచ్ రాసి ఎవరి మెమరీ వాళ్ళకి ఇవ్వండి. 16 జీబీ ఉంది కదా, తలా 4 ఇచ్చినా ఇబ్బంది లేదు. ఇక్కడ మాత్రం 8005 రెండోదాంట్లో మార్చాలి, 8105 అనో ఇంకోటో, లేదా మైనస్ 1 పెట్టి షట్‌డౌన్ పోర్టే మూసెయ్యచ్చు. మర్చిపోతే రెండోది "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అని చచ్చిపోతుంది, మీరేమో 8081 వెంట పడి గంట పాడు చేసుకుంటారు.

వైట్‌ఫీల్డ్ ముసలోడు (గురువారం ఉదయం 7:05)

నైట్‌షిఫ్ట్ చెప్పింది నిజం, ప్రొడక్షన్‌కి నేనైనా అదే చేస్తాను. కాకపోతే డెమోకి ఒక్క రోజు ముందు నడుస్తున్నదాన్ని ఎవడూ కదపడు. శుక్రవారం గడవనీ, సోమవారం విడగొట్టు. విడగొట్టేటప్పుడు ఆ కుకీ పేరు మార్పు కూడా మర్చిపోకుండా వెంట తీసుకెళ్ళు. టామ్‌క్యాట్‌లు రెండైనా, ఇరవై అయినా, ఐపీ ఒకటే అయితే బ్రౌజరు దృష్టిలో అంతా ఒకే ఇల్లు. కాటలినా2 ఫోల్డర్లో పెట్టిన ఆ డిఫాల్ట్ ఫైలు కొత్త ఇన్‌స్టెన్సులో ఇంజిన్ పేరు మళ్ళీ కాటలినా అని ఉంటే ఎవరూ చదవరు, అత్తాకోడళ్ళు మళ్ళీ మొదలు.

మారతహళ్ళి పీజీ (శనివారం ఉదయం 10:40)

డెమో అయింది. గోడౌన్ మేనేజరు, హెచ్ఆర్ మేడమ్ ఒకే ల్యాప్‌టాప్‌లో పక్కపక్క ట్యాబులు తెరిచి చూశారు, నా గుండె నోట్లోకొచ్చింది గానీ ఏమీ అవ్వలేదు. సోమవారం రెండు ఇన్‌స్టెన్సులుగా విడగొడుతున్నా. సీనియర్ కూడా ఇవాళ ఫోన్ చేశాడు, ఏంటి అన్నిసార్లు చేశావు అని.

చివర్లో ఆ మేనేజరు ఇంకో మాట అడిగాడు. బ్రౌజర్లో నాట్ సెక్యూర్ అని వస్తోంది, అది పోవాలంట. రెండు పోర్టులకీ రెండు సర్టిఫికెట్లు కొనాలా?

వేళచ్చేరి వాన (శనివారం ఉదయం 11:15)

అక్కర్లేదు. సర్టిఫికెట్‌లో పేరు ఉంటుంది, పోర్టు ఉండదు. ఒక్కటే తీసుకుని రెండు కనెక్టర్లలోనూ అదే చూపించండి. కాకపోతే మామూలుగా సర్టిఫికెట్ తీసుకునేది డొమైన్ పేరుకి. మీ దగ్గర ఉన్నది ఉత్త ఐపీ.

మారతహళ్ళి పీజీ (శనివారం ఉదయం 11:18)

అంటే ఆ రెండు వారాల టికెట్ ఇప్పుడు వెయ్యాలన్నమాట.